మూడేళ్ళ దగ్గు, మాఘంలో పెళ్ళి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 54. గుంటూరు జిల్లాలో జెడ్పీ హైస్కూల్లో తెలుగు చెబుతాను. మూడేళ్ళుగా పొడి దగ్గు. ఎక్స్‌రే, సీటీ స్కాన్, కళ్ళె పరీక్ష అన్నీ బాగున్నాయన్నారు. నలుగురు డాక్టర్లు మారాను, సిరప్పులకైతే లెక్కలేదు. కరక్కాయ, మిరియాల పాలు, శొంఠి కషాయం కూడా అయ్యాయి. ఏది వాడినా వారం రోజులు తగ్గినట్టే ఉంటుంది, ఆ తర్వాత మళ్ళీ మామూలే. పాఠం చెబుతుంటే, నవ్వితే, పక్కింట్లో తాలింపు వేసినా దగ్గు తెర మొదలవుతుంది. బీపీ ఉంది, మాత్ర వేసుకుంటున్నాను. మా ఆడపడుచు చేపమందు వేయించుకోమంటోంది. వచ్చే మాఘంలో మా అమ్మాయి పెళ్ళి. ఇది ఎప్పటికైనా పోతుందా? పోకపోతే చివరికి ఏమవుతుంది? ఇంకో సంగతి, రాయడానికి సిగ్గుగా ఉంది. గట్టిగా దగ్గినప్పుడు బట్టలు తడుస్తున్నాయి.

జవాబు: టీచర్ గారూ, మీరు సిగ్గుపడుతూ చివర్లో రాసిన మాటతోనే మొదలుపెడతాను. మిగతావాటికి టైము పడుతుంది గానీ దీనికి ఇవాళ్టి నుంచే చేయగలిగింది ఉంది. ఏళ్ళ తరబడి దగ్గే ఆడవాళ్ళలో ఈ ఇబ్బంది చాలామందికి ఉంటుంది. ఎదురుగా కూర్చున్నంతసేపూ చెప్పరు. చీటీ రాయించుకుని లేచి, తలుపు దాకా వెళ్ళి, అక్కడ ఆగి నర్సుతో మెల్లగా అంటారు. కొందరు అదీ చెప్పకుండా పేరంటాలకూ బస్సు ప్రయాణాలకూ వెళ్ళడమే మానేస్తారు.

మూత్రం ఆపుకోవడానికి ఏ కండరాలు బిగిస్తామో మీకు తెలుసు కదా. ఖాళీగా కూర్చున్నప్పుడు వాటిని బిగించి, మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. అలా పదిసార్లు, రోజుకి మూడు పూటలా. స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుకుంటూ కూడా చేసుకోవచ్చు, పక్కవాళ్ళకి తెలియదు. ఇంకో కిటుకు, గొంతులో గరగర మొదలై దగ్గు రాబోతోందని తెలిసిన క్షణంలోనే ఆ కండరాలు బిగించేసి, తర్వాత దగ్గండి. ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటికీ తగ్గకపోతే గైనకాలజిస్టుకి చూపించుకోండి, దానికి వేరే వైద్యం ఉంది.

ఇక మీ రెండు ప్రశ్నలు. "పోతుందా", "చివరికి ఏమవుతుంది" అని ఒకే ఊపులో అడిగారు గానీ అవి వేరువేరు. రెండోది ముందు చెబుతాను, మిమ్మల్ని రాత్రిళ్ళు పడుకోనివ్వనిది అదే అయ్యుంటుంది.

దగ్గి దగ్గి ఊపిరితిత్తులు చిల్లులు పడవు, అరిగిపోవు. పొగ తాగని మనిషికి, ఎక్స్‌రే, సీటీ శుభ్రంగా ఉండి మూడేళ్ళు గడిచాక కూడా దగ్గు అదే తీరులో ఉంటే, అది లోపల దాక్కున్న క్యాన్సరో క్షయో అయ్యే అవకాశం బాగా తక్కువ. అలాంటి జబ్బులు మూడేళ్ళ పాటు ఊరికే కూర్చోవు. ఒళ్ళు తగ్గుతుంది, సాయంత్రాలు జ్వరం వస్తుంది, కళ్ళెలో రక్తపు చార కనిపిస్తుంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. వీటిలో ఏదైనా ఉంటేనో, మూడు వారాలకు మించి గొంతు బొంగురుపోతేనో, పాత రిపోర్టులు పక్కన పెట్టేసి మళ్ళీ మొదటి నుంచి చూడాల్సిందే. మీరు ఆ సీటీ ఎప్పుడు తీయించారో రాయలేదు. దగ్గు మొదలైన కొత్తలో తీసిందే అయితే ఇప్పుడు కనీసం ఒక ఎక్స్‌రే తీయించండి.

ఈ మాట మీకు చెబుతున్నాను గానీ, చదివే అందరికీ ఇది వర్తించదు. మన దేశంలో దగ్గు రెండు వారాలు దాటితే ముందు క్షయ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగానే చేస్తారు. చుట్టలు, బీడీలు తాగేవాళ్ళ దగ్గు, ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ళ దగ్గు, రాళ్ళు కొట్టే చోట పనిచేసేవాళ్ళ దగ్గు, ఒకప్పుడు క్షయ వచ్చి తగ్గినవాళ్ళ దగ్గు, వీటి దారి వేరు. అక్కడ ఊపిరితిత్తి నిజంగానే దెబ్బతిని ఉండొచ్చు. అపార్ట్‌మెంటు బాల్కనీలో పావురాలు గూళ్ళు పెట్టుకున్న ఇళ్ళలో కూడా దగ్గుతో పాటు ఆయాసం మొదలైతే తేలిగ్గా తీసుకోకూడదు. ఆ రెట్టల ధూళి కొందరి ఊపిరితిత్తుల్ని గట్టిపడేలా చేస్తుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్న. పెద్దవాళ్ళలో 8 వారాలు దాటిన దగ్గును దీర్ఘకాలిక దగ్గు అంటాం. అది పోతుందా లేదా అన్నది దగ్గు ఎంత పాతదన్న దాని మీద కంటే కారణం దొరికిందా లేదా అన్న దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నలుగురు డాక్టర్లు కారణం లేదన్నారంటున్నారు గానీ, కారణం కోసం పూర్తిగా వెతికినట్టు నాకైతే అనిపించడం లేదు.

మొట్టమొదట, ఈ కాగితం పక్కన పెట్టి వెళ్ళి మీ బీపీ మాత్రల స్ట్రిప్ తీసుకురండి. వెనక వెండి రేకు మీద చిన్న అక్షరాలుంటాయి, కళ్ళజోడు పెట్టుకోండి. పైన పెద్దగా ఉండే కంపెనీ పేరు వద్దు, కింద ఉండే మందు పేరు చూడండి. దాని చివర "ప్రిల్" అని ఉందా? ఎనలప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్, ఇలా. ఉంటే మీ మూడేళ్ళ కథ అక్కడే తేలిపోవచ్చు. ఈ రకం మాత్రలు బీపీకీ గుండెకీ మంచివే, కానీ వాడేవాళ్ళలో కొందరికి పొడి దగ్గు తెప్పిస్తాయి. మాత్ర మొదలుపెట్టిన వారానికే రావాలని లేదు, నెలల తర్వాత కూడా రావచ్చు. అందుకే రెంటికీ ముడి ఉందని ఎవరికీ తట్టదు. బీపీ చూసే డాక్టర్ ఒకరు, దగ్గు చూసే డాక్టర్ ఇంకొకరు. ఇద్దరి చీటీలూ వేరువేరు ఫైళ్ళలో ఉంటాయి. మా వృత్తి తప్పు మేం ఒప్పుకోవాలి, "ఏం మాత్రలు వాడుతున్నారు" అని అడుగుతాం గానీ, "బీపీకి" అనగానే తల ఊపి ముందుకెళ్ళిపోతాం.

మీ అంతట మీరు మాత్ర ఆపకండి. దగ్గు తగ్గి పక్షవాతం వస్తే ఏం లాభం? మీ డాక్టరుకి స్ట్రిప్ చూపించి, దగ్గు సంగతి చెప్పి, టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటివాటికి మార్చమని అడగండి. వాటితో ఈ బెడద చాలా అరుదు. మార్చిన మర్నాడే దగ్గు ఆగిపోదు. ఎక్కువమందికి నాలుగు వారాల లోపు పోతుంది, కొందరికి మూడు నెలల దాకా పడుతుంది. ఇప్పుడు శ్రావణం కాబట్టి కార్తీకానికల్లా తేలిపోతుంది.

మాత్ర చివర "ప్రిల్" లేకపోతే, తర్వాత అడగాల్సింది ఉబ్బసం గురించి. ఉబ్బసమంటే పిల్లికూతలూ ఆయాసమూ ఉండాలని అందరూ అనుకుంటారు. కొందరిలో అది ఒట్టి దగ్గుగానే వస్తుంది, తెల్లవారుజామున రెండు మూడు గంటలకు లేపి కూర్చోబెడుతుంది. మీకు స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి బలంగా ఊదించే పరీక్ష, చేశారా? రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు ఎన్ని ఉన్నాయో చూశారా? ఊదుడు పరీక్ష మామూలుగా ఉన్నంత మాత్రాన ఈ ఉబ్బసం లేదని చెప్పలేం. అనుమానం ఉంటే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ కనీసం నాలుగు వారాలు వాడి చూడటమే పరీక్ష. మనవాళ్ళకి ఇన్‌హేలర్ అంటే భయం, "ఒకసారి మొదలుపెడితే అలవాటైపోతుంది" అంటారు. అలవాటు కాదు. ఈ రకం దగ్గుకి ఇన్‌హేలర్ పడితే భవిష్యత్తు చాలా బాగుంటుంది. ఆపేస్తే కొందరికి తిరగబెడుతుంది. పట్టించుకోకుండా వదిలేస్తే మరికొందరిలో అసలైన ఉబ్బసంగా మారుతుంది. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయండి. గొంతుతో బతికే టీచర్లకు అది మరీ ముఖ్యం, లేకపోతే గొంతు బొంగురుపోతుంది.

ముక్కుదిబ్బడ, తుమ్ములు, ముక్కు వెనక నుంచి గొంతులోకి ఏదో జారుతున్నట్టు ఉండటం, ఇవి ఉంటే ముక్కులో కొట్టే స్ప్రే కొన్ని వారాలు వాడాలి. గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు ఉంటే ఎసిడిటీకి మందు వాడాలి, రాత్రి భోజనం పడుకోవడానికి మూడు గంటల ముందే ముగించాలి. మంటా త్రేన్పులూ ఏమీ లేనివాళ్ళకి దగ్గు కోసమని గ్యాస్ మాత్ర నెలల తరబడి ఇవ్వడం వల్ల పెద్దగా ఉపయోగం కనబడలేదు. అయినా మన చీటీల్లో అది లేని చీటీ ఉండదు.

ఒక్కో మందుకీ ఇవ్వాల్సిన గడువు ఇవ్వడం ముఖ్యం. మీరు నలుగురు డాక్టర్లు మారానన్నారు. పది రోజులు ఒకరి దగ్గర, పదిహేను రోజులు ఇంకొకరి దగ్గర అయితే ఎవరి వైద్యమూ పూర్తయినట్టు కాదు. ఒక్క పల్మనాలజిస్టుని, అంటే ఊపిరితిత్తుల డాక్టర్ని పట్టుకోండి, మాఘం దాకా వదలకండి.

ఇవన్నీ సక్రమంగా చేశాక కూడా దగ్గు పోని వాళ్ళు ఉంటారు. మీరు రాసిన లక్షణాలు చూస్తే, మాత్ర సంగతి తేలాక, మీరూ ఈ జాబితాలోకే వస్తారేమో అనిపిస్తోంది. మాట్లాడితే దగ్గు, నవ్వితే దగ్గు, తాలింపుకి దగ్గు. ఇక్కడ చెడింది ఊపిరితిత్తి కాదు, దగ్గును పుట్టించే నరం. గొంతు నుంచీ ఊపిరి గొట్టాల నుంచీ మెదడుకి కబురు మోసేది వేగస్ అనే నరం. ఎప్పుడో ఒక జలుబుకో జ్వరానికో దెబ్బతిని, ఆ తర్వాత చీమ చిటుక్కుమన్నా పెద్ద గోల చేస్తుంది. చెవిలో గులిమి తీసుకుంటుంటే కొందరికి దగ్గు వస్తుంది, గమనించారా? చెవి లోపలికి వెళ్ళే చిన్న కొమ్మ కూడా ఆ నరానిదే. దీర్ఘకాలిక దగ్గు ఉన్నవాళ్ళలో ఈ చెవి దగ్గు మామూలువాళ్ళ కంటే చాలా ఎక్కువ.

తాలింపు సంగతికి మీ జిల్లాతో నేరుగా చుట్టరికమే ఉంది. మిరపకాయకు ఘాటునిచ్చే పదార్థం కాప్సైసిన్. దగ్గు నరం ఎంత చురుగ్గా ఉందో కొలవాలంటే పరిశోధకులు కొలిచిన మోతాదులో ఆ కాప్సైసిన్‌నే పీల్పిస్తారు. మామూలు మనిషి దగ్గని మోతాదుకే మీలాంటివాళ్ళు దగ్గేస్తారు. ఆ ఘాటును పట్టే గ్రాహకాన్ని 1997లో కనిపెట్టిన అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది కూడా. గుంటూరు మిరపకాయలు వేగే ఇంట్లో ఆ పరీక్ష మీకు రోజూ రెండు పూటలా ఉచితంగా జరుగుతోంది. తాలింపు వేరేవాళ్ళని వేయమనండి, లేదా కిటికీ తీసి, ఫ్యాన్ వేసి, మూత పెట్టి వేయండి. అగరొత్తులూ, ఘాటు సెంట్లూ అంతే.

ఈ రకం దగ్గు మీ వయసు ఆడవాళ్ళనే ఎక్కువగా పట్టుకుంటుంది. పలు దేశాల దగ్గు క్లినిక్కుల్లో పదివేల మందికి పైగా రోగుల లెక్క తీస్తే మూడింట రెండు వంతులు ఆడవాళ్ళే, యాభైలూ అరవైల్లో ఉన్నవాళ్ళే ఎక్కువ. అందుకని "నీదంతా మనసులోనే ఉంది" అని ఎవరైనా అంటే ఆ మాట పట్టించుకోకండి.

దూరకాలంలో ఏమవుతుందో కూడా చూశారు. ఇంగ్లాండులో కారణం దొరకని దగ్గు ఉన్న 42 మందిని ఏడేళ్ళకు పైగా గడిచాక మళ్ళీ పలకరించారు. ఆరుగురికి పూర్తిగా పోయింది, పదకొండు మందికి తగ్గింది. మిగిలిన పాతిక మందికి అలాగే ఉంది లేదా పెరిగింది. చిన్న లెక్కే, మన దేశానిది కాదు, అయినా దాచడం నాకిష్టం లేదు. "పోతుంది లెండి" అని మీకిప్పటికే నలుగురు చెప్పి ఉంటారు. పోకపోతే మీ తప్పేదో ఉందని మీరు అనుకుంటారు. ఇది బీపీ లాంటిది, మోకాళ్ళ నొప్పుల లాంటిది. కొందరికి పోతుంది, ఎక్కువమందికి ఉంటుంది, చాలామందికి తగ్గించుకునే వీలుంది. రోజుకి ఐదొందలసార్లు వచ్చే దగ్గు వందకి దిగితే క్లాసు సాగుతుంది, నిద్ర పడుతుంది. ఏడాదికోసారి ఆ ఊదుడు పరీక్ష మాత్రం చేయించుకుంటూ ఉండండి.

ఎలా తగ్గించుకోవాలో చెప్పే ముందు, "ఏది వాడినా వారం రోజులు తగ్గుతుంది" అన్నారే, ఆ మాట నాకు బాగా పనికొచ్చింది. ఈ నరం కోసమే గెఫాపిక్సాంట్ అని కొత్త మందు తయారుచేశారు. జపానులో 2022లో, యూరపులో 2023లో అనుమతి వచ్చింది. అమెరికా రెండుసార్లు కాదంది. పరీక్షల్లో అసలు మందు వేసుకున్నవాళ్ళకి దగ్గు అరవై శాతం దాకా తగ్గింది. మందు లేని ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవాళ్ళకి కూడా సగానికి పైగా తగ్గింది! పైగా అసలు మందు వాడిన సగానికి పైగా జనానికి నాలుక రుచి చెడింది. గోంగూర పచ్చడి రుచి తెలియకుండా పోతే దగ్గు తగ్గి ఏం సుఖం అని నాకనిపించింది. అది పక్కన పెడితే, ఉత్తుత్తి బిళ్ళకే అంత తగ్గిందంటే దగ్గు పగ్గం కొంత మెదడు చేతిలో ఉందని అర్థం. మీ సిరప్పులూ కషాయాలూ వారం పాటు పనిచేసింది కూడా చాలావరకు ఇందుకే.

ఆ పగ్గాన్ని మందు లేకుండా పట్టుకోవడం నేర్పేవాళ్ళున్నారు, స్పీచ్ థెరపిస్టులు. పెద్ద ఈఎన్‌టీ విభాగాల్లో ఉంటారు. వాళ్ళని "నత్తికి చికిత్స చేసేవాళ్ళు" అనుకుని దగ్గుకు ఎవరూ వెళ్ళరు. మూడు నాలుగుసార్లు వెళ్ళినా చాలు. ఈలోపు మీ అంతట మీరు మొదలుపెట్టండి. గొంతులో గరగర మొదలవగానే దగ్గకుండా, గొంతు సవరించుకోకుండా, ఒక గుటక నీళ్ళు మింగండి. నీళ్ళు లేకపోతే గడ్డం కాస్త కిందికి దించి ఉమ్మి మింగండి. పెదాలు మూసి ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చండి, వేడి కాఫీ ఊదుకున్నట్టు పెదాలు సున్నా చుట్టి వదలండి. అలా ఐదారుసార్లు. మొదట్లో పదిసార్లలో ఎనిమిదిసార్లు దగ్గే గెలుస్తుంది, పట్టించుకోకండి. ప్రతి రెండు నిమిషాలకీ గొంతు సవరించుకునే అలవాటు టీచర్లకి ఎక్కువ, అది ఆ నరాన్ని గిల్లుతూనే ఉంటుంది. బల్ల మీద నీళ్ళ సీసా పెట్టుకోండి, వెనక బెంచీల దాకా అరవడం మానండి, బోర్డు తుడిచే పని పిల్లలకి వదిలేయండి.

దీనికీ లొంగకపోతే నరాన్ని చల్లబరిచే మందులున్నాయి. గాబాపెంటిన్, రాత్రిపూట చిన్న మోతాదులో అమిట్రిప్టిలిన్, మరీ మొండి దగ్గుకి అతి తక్కువ మోతాదులో మార్ఫిన్. మత్తు, మలబద్ధకం లాంటి ఇబ్బందులుంటాయి, ఆపితే దగ్గు తిరిగి రావచ్చు. పల్మనాలజిస్టు చేతుల మీదుగానే వాడాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే సిరప్పులు మాత్రం ఇక చాలు. కొన్నింటిలో కోడీన్ ఉంటుంది, అది అలవాటయ్యే సరుకు.

కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. ఉమ్మి ఊరుతుంది, గొంతు తడిగా ఉంటుంది. నోట్లో పెట్టుకుని పడుకోకండి, అంతే. నిద్రలో జారి ఊపిరి గొట్టంలో ఇరుక్కున్న వక్క ముక్కలు బయటికి తీయాల్సి వచ్చిన సందర్భాలు మాకు తెలుసు, ఆ ముక్కే నెలల తరబడి దగ్గుకు కారణమైనవాళ్ళూ ఉన్నారు. చేపమందు అంటారా, మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో అంతమంది బారులు తీరడం ఒక నమ్మకం. అది ఉబ్బసాన్ని గానీ దగ్గును గానీ నయం చేస్తుందనడానికి రుజువు లేదు. ఎలాగూ మృగశిర ఈ యేటికి దాటిపోయింది, మళ్ళీ వచ్చేసరికి మీ అమ్మాయి పెళ్ళి అయిపోతుంది. ఆడపడుచుతో గొడవ అక్కర్లేదు, అదే మాట చెప్పండి.

ఇక పెళ్ళి. కన్యాదానానికి పీటల మీద కూర్చోక తప్పదు, పక్కనే హోమం పొగ. గాలి ఎటు నుంచి వస్తుందో ముందే చూసుకుని, పొగ మీ మొహం మీదికి రాకుండా పీటలు వేయమని పురోహితుడికి చెప్పండి, వాళ్ళకీ పొగ కొత్త కాదు. ఏసీ గాలి, ఫ్యాన్ గాలి నేరుగా తగిలేలా కూర్చోవద్దు. చెంబులో గోరువెచ్చటి నీళ్ళు పీట పక్కన ఉంచుకోండి, చెంగున రెండు లవంగాలు కట్టుకోండి. చందనం, సెంటు చల్లే పిల్లల్ని మీ వైపు రానివ్వకండి. ఆ వారం రోజులు చుట్టాలందరితో అరిచి మాట్లాడే పని మీ వారికి అప్పగించండి. ఆ మధ్యలో ఒకటి రెండు తెరలు వస్తే రానివ్వండి, మేళం మోతలో ఎవరికీ వినబడదు.

ముందు ఆ స్ట్రిప్ మీద పేరేమిటో చూసి, మళ్ళీ ఒక్క ముక్క రాయండి.